బర్మా వలస: లెక్కకు రాని స్త్రీలు

(రేణిగుంటలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది గల్ఫుకు వెళ్ళే స్త్రీలతో పనిచేస్తున్నారు. అందుకే ఒక పాత వలస గురించి మాట్లాడతాను.

1852లో దిగువ బర్మాను ఆక్రమించిన బ్రిటిష్‌వాళ్ళు ఐరావతి డెల్టా అడవుల్ని నరికించి వరి పండించారు. రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్ళలో ఎక్కువమంది మన కోస్తా కూలీలు. 1930 మేలో వీళ్ళు సమ్మె చేస్తే యజమానులు బర్మీయుల్ని పెట్టుకున్నారు; సమ్మె తీరగానే వాళ్ళను గెంటేశారు. పేదలు పేదల మీద పడ్డారు. వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది భారతీయులే. 1942లో జపాన్ దాడికి లక్షలాదిమంది కాలినడకన అడవులు దాటారు. 1962లో సైన్యం గద్దెనెక్కి, 1964లో దుకాణాల్ని జాతీయం చేశాక మరెందరో తిరిగొచ్చారు. విశాఖలోని బర్మా క్యాంపు దానికి గుర్తు.

ఈ చరిత్రలో కూలీ అంటే మగవాడే. ఊళ్ళో పిల్లల్నీ ముసలివాళ్ళనీ సాకిన భార్య నేను చదివిన పుస్తకాల్లో దాదాపు కనిపించలేదు. ఆమెది శ్రమ కాదా?

2021లో అక్కడ మళ్ళీ సైనిక కుట్ర జరిగింది. ఆ దేశ సరిహద్దుల్లోని సైబర్ మోసాల శిబిరాలకు ఉద్యోగాల పేరుతో మన పిల్లల్నీ చేరవేశారు. కాబట్టి ఏజెంటు చిరునామా, ఒప్పందం నకలు ఇంట్లో ఉన్న స్త్రీ చేతిలో ఉండేలా చూద్దాం. వెళ్ళినవాళ్ళతోపాటు మిగిలినవాళ్ళ లెక్కా మనమే రాద్దాం.