లెక్కకెక్కని మనిషి

ఈ ఉస్మానియా ప్రాంగణం దాటి, తార్నాక చౌరస్తా నుంచి ఉప్పల్ మీదుగా వరంగల్ రోడ్డు పట్టుకుంటే భువనగిరి వస్తుంది. నయీం అని పిలిచే నయీముద్దీన్ ఊరు అదే. 1993 జనవరి 27న లాల్ బహదూర్ స్టేడియంలో జాగింగ్ చేస్తున్న ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్‌ను నక్సలైట్లు కాల్చి చంపిన కేసులో అతను నిందితుడు. నక్సలైట్లను ఎదుర్కొనే పోలీసు దళం గ్రేహౌండ్స్‌ను తీర్చిదిద్దిన అధికారి వ్యాస్. అంతటి కేసులో దొరికినవాడు తర్వాత పోలీసులకే సమాచారమిచ్చే మనిషయ్యాడు, ఆపైన భూముల సెటిల్‌మెంట్లతో గ్యాంగ్‌స్టర్‌గా పేరుమోశాడు, 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. దీన్ని ద్రోహం కథగా చెప్పుకోవడం మనకు అలవాటు. నాకు మాత్రం ఇది కాగితం మీద పెట్టని బేరం కథలా కనిపిస్తుంది.

మన చట్టానికి అప్రూవర్ కొత్తవాడు కాదు. నేర ప్రక్రియా స్మృతి 306వ సెక్షన్ కింద, ఇప్పుడైతే నాగరిక్ సురక్షా సంహిత 343 కింద, నేరంలో పాలుపంచుకున్నవాడికి క్షమాభిక్ష దొరుకుతుంది. ఇచ్చేది మేజిస్ట్రేటు, ఎందుకిస్తున్నాడో రాయాలి. తీసుకున్నవాడు తెలిసిందంతా చెప్పాలి, బోనెక్కి ఎదుటి వకీలు ప్రశ్నలకు నిలబడాలి, దాచితే మళ్లీ ముద్దాయే. ఇన్‌ఫార్మర్‌కు ఈ బాదరబందీ ఏదీ లేదు. పాత సాక్ష్యాధారాల చట్టం 125వ సెక్షన్ ప్రకారం, సమాచారం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పమని పోలీసును బలవంతపెట్టకూడదు. సమాచారానికి ఇచ్చిన ఆ మరుగు మెల్లగా మనిషికీ, అతను చేసే పనులకూ పాకింది. 1999లో గాయని బెల్లి లలిత హత్య, 2000 నవంబరులో పురుషోత్తం, 2001 ఫిబ్రవరిలో ఆజం అలీ అనే పౌరహక్కుల కార్యకర్తల హత్యలు: వీటిలో నయీం ముఠా చేయి ఉందనీ, వెనక పోలీసుల అండ ఉందనీ హక్కుల సంఘాలు అంటూనే వచ్చాయి. అతను పోయాక ఇళ్లలో భూముల దస్తావేజులు, డైరీలు దొరికాయి. ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వేశారు, 2017లో ఐదుగురు పోలీసు అధికారులను సస్పెండ్ చేశారు. చిత్రమేమిటంటే, లెక్కలు రాసిపెట్టుకున్నది నేరస్తుడు!

ఇన్‌ఫార్మర్లు లేకుండా ఏ పోలీసు వ్యవస్థా నడవదంటారు. నిజమే. పేరు బయటపడితే ప్రాణం పోతుందన్నదీ నిజమే. ఇన్‌ఫార్మర్ ముద్ర వేసి మావోయిస్టులు చంపినవాళ్లలో నిరుపేద పల్లెవాసులెందరో. కానీ ఊరికి తెలియకుండా దాచడం వేరు, జడ్జికి తెలియకుండా దాచడం వేరు. రాతకోతలున్న అమెరికాలో మాత్రం ఏం ఒరిగిందని అడగవచ్చు. ఇది గట్టి ప్రశ్నే. ఇన్‌ఫార్మర్ల విషయంలో ఎఫ్‌బీఐకి 1976 నుంచే లిఖిత నియమాలున్నాయి. అయినా దానికి ఇన్‌ఫార్మరైన బోస్టన్ ముఠా నాయకుడు వైటీ బల్జర్‌ను అతని వ్యవహారం చూసే ఏజెంటు జాన్ కొనోలీ కాపాడుతూ వచ్చాడు, అరెస్టు వస్తోందని ముందే ఉప్పందించాడు. బల్జర్ పదహారేళ్లు దొరకలేదు. కాగితం నేరాన్ని ఆపలేదు, ఒప్పుకుంటాను. కానీ ఫైళ్లుండబట్టే 1998లో ఫెడరల్ కోర్టు ఆ బంధాన్ని విప్పి చూడగలిగింది, 2002లో కొనోలీ దోషిగా తేలాడు. షాద్‌నగర్ తర్వాత మన కోర్టులు విప్పి చూడడానికి అలాంటి ఫైలేదీ?

రహస్యం జడ్జి దగ్గర నిలవదన్న భయం ఇంకా మిగిలే ఉంది. అయితే 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం చూడండి. సాక్షి పేరు మార్చాలన్నా, మకాం మార్చాలన్నా నిర్ణయించే జిల్లా కమిటీకి అధ్యక్షుడు జిల్లా సెషన్స్ జడ్జి. పోలీసు అధికారి అందులో ఒక సభ్యుడు మాత్రమే.