తెర మీది రాజ్యాంగ సభలో మన కుర్చీలు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



టెలివిజన్ గురించి మాట్లాడతామనగానే, పిల్లలు చెడిపోతున్నారని చెప్పబోతున్నామని మీరు అనుకొని ఉంటారు. ఆ ప్రసంగం ఏటా ఎవరో ఒకరు చేస్తూనే ఉన్నారు. పిల్లలు వింటూనే ఉన్నారు, చూసేది చూస్తూనే ఉన్నారు. మేము చెప్పదలచింది వేరు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడవలసిన ఒక ధారావాహిక ఉంది. పేరు 'సంవిధాన్'. 2014 మార్చిలో రాజ్యసభ టీవీలో మొదలై పది భాగాలుగా వచ్చింది. మన దేశ రాజ్యాంగాన్ని ఎవరెవరు కూర్చుని, ఎట్లా వాదించుకుని, ఎక్కడెక్కడ రాజీపడి రాశారన్నదే అందులో కథ.

తీసినాయన శ్యాం బెనెగల్. ఆయన మనకు పరాయివాడు కాదు. 1934లో తిరుమలగిరిలో పుట్టారు, నిజాం కాలేజీలో చదివారు. 1974లో వచ్చిన 'అంకుర్' మన తెలంగాణ పల్లె కథే. తరవాత తీసిన 'వెల్ డన్ అబ్బా'లో కథానాయకుడు ఒక ముస్లిం డ్రైవరు. సర్కారు కాగితాల్లో తవ్విన బావి నేల మీద కనపడక తిప్పలు పడతాడు. చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 2024 డిసెంబరు 23న ఆయన బొంబాయిలో కన్నుమూశారు.

అంతకు చాలా ముందు, 1988లో, ఆయనే నెహ్రూ పుస్తకం ఆధారంగా 'భారత్ ఏక్ ఖోజ్' తీశారు. దూరదర్శన్‌లో 53 భాగాలు వచ్చింది. అది ఇంటి మీది యాంటెన్నాను తిప్పుతూ "వచ్చిందా? వచ్చిందా?" అని పైనుంచి ఒకరు అరిచే జమానా. అందులో శివాజీ వేషం వేసింది నసీరుద్దీన్ షా, ఔరంగజేబు వేషం వేసింది ఓం పురి. ఆ ఒక్క సంగతి మీద ఎంతసేపైనా మాట్లాడవచ్చు గాని, మన విషయానికి వద్దాం.

'సంవిధాన్'లో యుద్ధాలు లేవు, పాటలు లేవు. మనుషులు కూర్చుని మాట్లాడతారు, అంతే. మొదటి భాగం కొంచెం నెమ్మదిగానే నడుస్తుంది, దాచవలసిన పని లేదు. కాని ఓపిక పట్టండి. సచిన్ ఖేడేకర్ అంబేద్కర్‌గా, దలీప్ తాహిల్ నెహ్రూగా, నీరజ్ కబి గాంధీగా కనిపిస్తారు. ఒక హెచ్చరిక మాత్రం పిల్లలకు చెప్పాలి: అసలు సభలో అంబేద్కర్ గారు మాట్లాడింది ఇంగ్లీషులో, తెర మీద ఆయన హిందీలో మాట్లాడతారు. అది రచయితలు కూర్చిన సంభాషణ. కనుక తెర మీద విన్న వాక్యాన్ని 'అంబేద్కర్ అన్నారు' అని పరీక్ష కాగితంలో రాయకండి.

ఆ సభ 1946 డిసెంబరు 9న మొదలైంది, రాజ్యాంగాన్ని 1949 నవంబరు 26న ఆమోదించింది. ముసాయిదాకు వచ్చిన సవరణలు 7,635. అందులో 2,473 సవరణలను సభ ముందు పెట్టారు. మన సంఘంలో ఒక్క నియమం మార్చాలంటే ఎన్ని సమావేశాలు పడుతున్నాయో కార్యదర్శిగారిని అడగండి, ఆ అంకెల బరువు తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇటీవల 2024 నవంబరులో 'ఫ్రీడం ఎట్ మిడ్‌నైట్' అనే మరో ధారావాహిక సెల్‌ఫోన్లలోకి వచ్చింది. బాగా తీశారు, కాదనము. కాని అది దేశ విభజన కథ గనుక, అందులో ముస్లిం నాయకుడంటే ముందుగా కళ్ళకు కట్టేది జిన్నాయే. అది చూసిన పిల్లవాడు, "మనవాళ్ళంతా అటే ఉన్నారా?" అని అడిగితే ఇంట్లో ఏం జవాబు చెబుతాం? గదమాయించి పడుకోబెడతామా?

ఆ పిల్లవాడికి రాజ్యాంగ సభ కథ చెప్పాలి. అక్కడ మౌలానా ఆజాద్ ఉన్నారు. ముసాయిదా సంఘంలో అస్సాం నుంచి వచ్చిన సయ్యద్ మహమ్మద్ సాదుల్లా ఉన్నారు, మన నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ పక్కనే. రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి ఉన్నారు. హస్రత్ మోహానీ ఉన్నారు. ఆయన చివరిదాకా ఈ రాజ్యాంగాన్ని వ్యతిరేకించారు, ఆయనను ఎవరూ బయటికి నెట్టలేదు. బేగం ఐజాజ్ రసూల్ ఉన్నారు.

ముస్లిం సభ్యులంతా ఒకే మాట మీద ఉన్నారనుకోకండి. 1949 మే నెలలో మద్రాసు సభ్యులు మహమ్మద్ ఇస్మాయిల్ గారు ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు ఉండాలన్నారు. బేగం గారేమో, ప్రత్యేక నియోజకవర్గాలే కాదు, చట్టసభల్లో ప్రత్యేక స్థానాలు కూడా వద్దు, అవి మనల్ని తక్కినవాళ్ళకు శాశ్వతంగా దూరం చేస్తాయని వాదించారు. సభ రెండింటినీ వద్దన్నది. ఎవరిది రైటు? మా ఇళ్ళలో ఈ వాదన తేలలేదు, తేలకపోయినా మంచిదే. తండ్రీ కొడుకులు కసురుకోకుండా ఒక గంట వాదించుకున్నారు, మాకదే పదివేలు. మత స్వేచ్ఛ గురించిన 25వ అధికరణం, మైనారిటీలు తమ భాషను, లిపిని కాపాడుకోవడం గురించిన 29వది, తమ విద్యాలయాలు పెట్టుకోవడం గురించిన 30వది మాత్రం నిలిచాయి. మన సంఘంవంటివాళ్ళు రేపు ఒక బడి పెట్టదలిస్తే ఆధారం ఆ 30వ అధికరణమే.

ఇంతమంది ఉన్నారు గదా, మన హైదరాబాదు రాజ్యం నుంచి ఎవరున్నారు? పదిభాగాలూ వెదికినా దొరకరు. ఎందుకంటే అసలు సభలోనే లేరు. నిజాం రాజ్యం ఆ సభకు ప్రతినిధులను పంపలేదు. అల్లాడివారు, దుర్గాబాయి గారు వచ్చింది మద్రాసు రాష్ట్రం తరఫున. అక్కడ 'మనం భారత ప్రజలం' అని రాస్తున్న ఆ మూడేళ్ళలో మన కుర్చీలు ఖాళీ. 1949 నవంబరులో నిజాం ఒక ఫర్మానుతో, ఇదే మా రాజ్యానికీ రాజ్యాంగమని ఒప్పుకున్నారు.

మరి ఆ కాలంలో ఇక్కడ ఏం జరుగుతున్నది? అప్పుడు మన జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోది. 1956లో రాష్ట్రాలను మార్చినప్పుడు మెదకు జిల్లాలో చేర్చారు, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. 1948 సెప్టెంబరు 13న పోలీస్ యాక్షన్ మొదలైంది. షోలాపూరు నుంచి వచ్చిన సైన్యం 16వ తేదీన మన ఊరు దాటింది, ఇప్పుడు మనం బస్సెక్కే ఆ సడకు మీదనే. 17న నిజాం లొంగిపోయారు. అంతకు ముందు రజాకార్లు పల్లెల్లో చేసిన అఘాయిత్యాలు ఉన్నాయి. వాళ్ళను ఎదిరించి రాసిన 'ఇమ్రోజ్' పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను ఆ ఆగస్టులోనే చంపారు. ఆయనా ముస్లిమే. తరవాత అమాయకులైన ముస్లింల మీద జరిగినవీ ఉన్నాయి. పండిత సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ గార్ల బృందం జిల్లాలు తిరిగి, 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని ప్రభుత్వానికి రాసింది. ఎక్కువ నష్టపడిన జిల్లాల్లో బీదరు ఒకటి. ముస్లింలను ఇంట దాచి కాపాడిన హిందువుల సంగతీ ఆ నివేదికలోనే ఉంది. అది జనానికి అందుబాటులోకి వచ్చేసరికి 2013 అయింది.

ఈ రెండు సగాలనూ ఏ ధారావాహికా కలిపి చూపలేదు. ఒక సగమే చూపి సొమ్ము చేసుకునే సినిమాలు వస్తాయి, పోతాయి. వాటిమీద మాకు పెద్ద కోపం లేదు. మన దగ్గర ఉన్న సగం మనం రాసిపెట్టలేదని మాత్రం చింత. మన ఇళ్ళలో బుజుర్గులు ఆ కథ చెప్పరు. "జానే దో బేటా" అంటారు. 1948లో పదేళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు తొంభైకి దగ్గర. మన బస్తీలో అలాంటివాళ్ళను వేళ్ళ మీద లెక్కించవచ్చు.

కనుక సంఘం తరఫున మా మనవి ఇది. పది ఆదివారాలు, మగ్రిబ్ నమాజు తరవాత, ఈ హాలులోనే ఆ పది భాగాలూ వేద్దాం. రాజ్యసభ టీవీ ఇప్పుడు లేదు, 2021లో సంసద్ టీవీలో కలిసిపోయింది. కాని ఆ భాగాలు యూట్యూబులో దొరుకుతున్నాయి, టికెట్టు లేదు. పెద్దలను కుర్చీల్లో ముందు కూర్చోబెట్టండి. చూడటం అయ్యాక ఒక గంట వాళ్ళకు వదిలేద్దాం. 'పోలీస్ యాక్షన్ నాడు ఏం జరిగింది' అని సూటిగా అడిగితే నోరు విప్పరు. మొదటి ఎన్నికల సంగతి అడగండి. 1952లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఉండేది, పెట్టె మీద గుర్తు అంటించేవారు, కాగితం తీసుకుపోయి అందులో వేయడమే. ఆ ఖాళీ కుర్చీల తరవాత మనవాళ్ళు స్వయంగా పలికిన మొదటి మాట అదే. వాళ్ళ అమ్మీ, అబ్బాజాన్ ఏ పెట్టెలో వేశారో, పోలింగుకు ఏ పొరుగువాళ్ళతో కలిసి నడిచిపోయారో చెప్పమనండి. అక్కడ మొదలైతే తక్కినవి వాటంతట అవే వస్తాయి.

వాళ్ళు చెప్పేది దక్కనీలో ఉంటుంది. రాసుకునే పిల్లలు తెలుగులో రాయండి, ఏమీ పరవాలేదు. మనవళ్ళలో ఉర్దూ చదవగలిగేవాళ్ళు ఎందరో మనకు తెలుసు. పేరు, ఊరు, ఆ ఏడు తన వయసు, ఈ మూడూ మాత్రం తప్పకుండా రాయించుకోండి. నోటు పుస్తకాలు సంఘం కొని ఇస్తుంది. కోశాధికారిగారు మా వైపు చూస్తున్నారు. వంద పేజీలవి చాలు.