తరిమేవాళ్ళు లేకపోయినా పరుగెత్తాం

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

1982లో ఇదే ఆగస్టు 9న ఆదివాసీ ప్రజల సమస్యలపై ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన కార్యవర్గం మొదటిసారి సమావేశమైంది. అందుకే ఈ రోజు మనకు పండుగ. హక్కుల గురించి, చట్టాల గురించి పెద్దలు చెప్పారు. మాకిచ్చిన పది నిమిషాల్లో మేం పరుగు గురించి చెబుతాం. నవ్వొస్తే నవ్వండి. మేమూ నవ్వుకుంటూనే పరుగెత్తాం.

పోయిన చలికాలంలో మేం పదకొండు మందిమి అరకులో జరిగిన ఒక చిన్న హాఫ్ మారథాన్‌కు పేర్లిచ్చాం. మాలో ఐదుగురు డిగ్రీ చదివే ఆడపిల్లలు, ఇద్దరు మాస్టార్లు, ముగ్గురు కుర్రాళ్ళు, యాభై దాటిన ఒక పిన్ని. దూరం 21.0975 కిలోమీటర్లు. అంటే 42.195 కిలోమీటర్ల ఫుల్ మారథాన్‌లో సరిగ్గా సగం. ఈ సంగతి విని మాలో ఒకరి అవ్వ అడిగింది: "ఎలుగుబంటి తరుముతోందా? లేదు. సంతకి వేళ మించిపోతోందా? లేదు. మరి డబ్బు కట్టి ఎందుకర్రా పరుగెత్తడం?"

అవ్వ అడిగినదాంట్లో న్యాయం ఉంది. ఆమె తరానికి ఇరవై కిలోమీటర్లు ఆట కాదు. ఉప్పు కోసం, కిరసనాయిలు కోసం సంతకు నడిచారు. జ్వరం వచ్చినవాళ్ళను, పురిటి నొప్పులు పడుతున్నవాళ్ళను డోలీ కట్టి కొండ దింపారు. రోడ్డు లేని గూడేల్లో ఈ రోజుకీ ఆ డోలీ కదులుతూనే ఉంది. ఆ నడకలకు ఎవరూ పతకం వేయలేదు. కాబట్టి దూరం మనకు కొత్త కాదు. అంత దూరం సరదా కోసం వెళ్ళడమే మనకు కొత్త. కష్టం కోసమే నడిచిన దారిలో సంతోషం కోసం కూడా పరుగెత్తవచ్చునని మీకు చెప్పాలనే ఇక్కడికి వచ్చాం.

ఆ రోజు పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టాం. మంచు ఎంత దట్టంగా ఉందంటే ముందు పరుగెత్తే మనిషి వీపు మీది నంబరు కూడా కనిపించలేదు. ఊరు దాటేసరికి రెండు వైపులా వలిసె చేలు. మంచులోంచి ఆ పసుపు రంగు మెల్లమెల్లగా బయటపడుతుంటే మాస్టారు ఫోన్ తీసి నిలబడిపోయారు. ఆయన్ను మళ్ళీ పరుగులోకి లాగడానికి ఇద్దరం వెనక్కి వెళ్ళాం. తర్వాత బండి బాట, వాగు, ఆపైన కాఫీ తోటల్లో ఎక్కుడు. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు, కింద ఎర్రగా పండిన కాఫీ గింజలు. పండ్లు కోస్తున్న అక్కలు మమ్మల్ని చూసి పని ఆపి చప్పట్లు కొట్టారు. ఒకామె అయితే బుట్ట నడుముకు కట్టుకునే వంద గజాలు మాతో పరుగెత్తి, మమ్మల్ని దాటిపోయి, నవ్వుతూ వెనక్కి వెళ్ళిపోయింది.

ఎక్కుడులో ఊపిరి అందక ఒక తాతను అడిగాం, "తాతా, గూడెం ఇంకెంత దూరం?" అని. "ఇదిగో, ఆ మలుపే" అన్నాడు. అలాంటి మలుపులు ఏడు దాటాం. ఏజెన్సీలో దూరాన్ని కిలోమీటర్లలో కొలవరు, ధైర్యం చెప్పి కొలుస్తారు! గూడెం చేరాక ప్లాస్టిక్ గ్లాసులు కాదు, అడ్డాకు దొప్పల్లో నీళ్ళిచ్చారు. చోడంబలి ఇచ్చారు. అది తాగాక మాలో ఇద్దరు ఇక లేవమన్నారు.

మా పిన్ని చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, మామూలు చెప్పులతోనే వచ్చింది. చివరి నాలుగు కిలోమీటర్లు నడిచింది. అప్పుడు మేం ఒక పని చేశాం. ముందు వెళ్ళినవాళ్ళం ఆగిపోయి, అందరం కలిసి ఆమె వేగంతోనే నడిచాం. ధింసాలో మనం ఏం చేస్తాం? ఒకరి వీపు వెనక నుంచి ఇంకొకరు చేతులు కలిపి వరస కడతాం. ఒక్కరు గబగబా అడుగేస్తే వరస తెగిపోతుంది. తుడుము, డప్పు అందరికీ కలిపే మోగుతాయి. మా పదకొండు మందిమీ అలాగే ఒక్క వరసలో గీత దాటాం. గెలిచినవాళ్ళు అప్పటికే టిఫిన్ చేసి వెళ్ళిపోయారు. అయినా మాకు దక్కిన చప్పట్లు వాళ్ళకు దక్కలేదని గట్టిగా చెప్పగలం.

ఇది మన దగ్గరే ఉన్న ఆలోచన కాదు. అమెరికాలోని అరిజోనాలో హోపీ అనే ఆదివాసీ జాతి ఉంది. వాళ్ళకు పరుగు ఒక ప్రార్థన. వానలు కురవాలని, ఊరంతా బాగుండాలని పరుగెత్తుతారు. వాళ్ళలో లూయిస్ తెవానిమా అనే యువకుడిని 1907లో దూరంగా ఉన్న బోర్డింగ్ స్కూలుకు పంపారు. ఆదివాసీ పిల్లల భాషను, అలవాట్లను మాన్పించడానికే పెట్టిన బడి అది. కానీ అతని పరుగును ఎవరూ మాన్పించలేకపోయారు. 1908 లండన్ ఒలింపిక్ మారథాన్‌లో తొమ్మిదోవాడుగా నిలిచాడు. 1912 స్టాక్‌హోమ్‌లో 10,000 మీటర్లలో రజతం గెలిచాడు. తర్వాత ఇంటికి వచ్చి పొలం చేసుకున్నాడు, గొర్రెలు కాచుకున్నాడు. ఇప్పుడు అతని పేరు మీద హోపీలు తమ ఊళ్ళోనే, తమ కొండ దారుల్లోనే పరుగు నడుపుకుంటున్నారు.

మన దేశంలో చూడండి. మహారాష్ట్ర నాసిక్ జిల్లాలోని సావర్‌పాడా అనే ఆదివాసీ గూడెం నుంచి కవితా రౌత్ వచ్చింది. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 10,000 మీటర్లలో కాంస్యం, అదే ఏడాది గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచింది. చెల్లెళ్ళూ, "ఆడపిల్లకు పరుగెందుకు" అనే మాట మీ ఇంట్లో వినిపిస్తే ఈ పేరు చెప్పండి.

ఇప్పుడు కాస్త గట్టిగా చెప్పాల్సిన సంగతి. పరుగు మొదలుపెట్టే ముందు మీ పి.హెచ్.సి.లో సికిల్ సెల్ పరీక్ష చేయించుకోండి. మన జాతుల్లో ఈ లోపం ఎక్కువ. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఇద్దరి వైపు నుంచీ వస్తే అది జబ్బు. ఒక్కరి నుంచే వస్తే మనం దాన్ని మోసేవాళ్ళం మాత్రమే. అలా మోసేవాళ్ళు చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా బతుకుతారు, పరుగెత్తవచ్చు కూడా. కానీ నీళ్ళు తాగకుండా, ఎండలో, పందెం మీద శక్తికి మించి పరుగెత్తితే వాళ్ళకూ ప్రాణం మీదికి రావచ్చు. జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా బరిలోకి దిగొద్దు. ఈ వ్యాధిని 2047 నాటికి లేకుండా చేయాలని కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న ఒక మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్ళ లోపు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలన్నది దాని లక్ష్యం. కావలసింది కొన్ని రక్తపు చుక్కలు. ఫలితం తెలిస్తే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పరుగుకే కాదు, రేపు పెళ్ళి మాటలు వచ్చినప్పుడు కూడా అది అక్కరకొస్తుంది.

ఇక సాధన. మేం మూడు నెలలు చేశాం. వారానికి మూడు రోజులు. మొదట్లో ఐదు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. పరుగెత్తుతూ పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి. మాట తెగిపోతోందంటే వేగం ఎక్కువైందని అర్థం. దూరాన్ని వారం వారం కొద్దికొద్దిగానే పెంచాం. ఆదివారం ఒక్కరోజే పెద్ద దూరం. ఖరీదైన బూట్లు లేవని ఆగకండి, కాలు కరవని జత ఉంటే చాలు. దిగుడులో దూకకండి, చిన్న చిన్న అడుగులు వేయండి. మోకాళ్ళు దెబ్బతినేది ఎక్కుడులో కాదు, దిగుడులోనే.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మన కొండలను చూడటానికి ఎక్కడెక్కడివాళ్ళో కార్లలో వస్తున్నారు. రానివ్వండి, మనకు సంతోషమే. కానీ ఆ దారుల్లో మనం నీళ్ళ సీసాలు అందించేవాళ్ళంగా, కార్లకు చోటు చూపించేవాళ్ళంగా మాత్రమే మిగిలిపోకూడదు. ఏ రాయి మీద కాలు జారుతుందో, ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో తెలిసినవాళ్ళం మనమే. అందుకే ఈ సంఘం ముందు ఒక కోరిక పెడుతున్నాం. వచ్చే చలికాలంలో వలిసె పూసే వేళకు మన గూడేల మధ్య మన పరుగు మనమే పెట్టుకుందాం. రుసుము వద్దు. నీళ్ళు దొప్పల్లోనే. పి.హెచ్.సి. సిస్టర్లు మనతో ఉండాలి. బహుమతి మొదట వచ్చినవాళ్ళకు కాదు, చిట్టచివర వచ్చినవాళ్ళకు. వాళ్ళు వచ్చేదాకా తుడుము ఆగకూడదు.

పేర్లు ఈ రోజు నుంచే రాసుకుంటాం. మా పిన్ని పేరు ఇప్పటికే రాయించుకుంది. ఈసారి ఆమెకు సరిపోయే బూట్లు మేం చందా వేసుకుని కొన్నాం.

జోహార్.