దూరపు కొండలో గాలి

1980లో అమెరికాలో జరిగిన సిగ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో లోరెన్ కార్పెంటర్ రెండు నిమిషాల చిత్రం ఒకటి చూపించారు. పేరు 'వోల్ లీబ్ర'. అప్పట్లో ఆయన విమానాల సంస్థ బోయింగ్‌లో ఉద్యోగి. కంప్యూటర్ లెక్కగట్టి పుట్టించిన కొండల మీదుగా ఎగిరిపోతున్నట్టుండే ఆ చిత్రం చూసి సినిమా సంస్థ లూకాస్‌ఫిల్మ్ వాళ్లు ఆయనకు ఉద్యోగమిచ్చారు.

ఇప్పుడు బ్లెండర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనే కొండలు మొలిపించొచ్చు. చిక్కల్లా, గంటల తరబడి చూసిన బొమ్మలో మన తప్పు మన కంటికి ఆనదు. మరొకరికి చూపించాలి. "ఎలా ఉంది?" అని మాత్రం అడక్కండి. "బాగుంది" అనేసి ఊరుకుంటారు. "ముందు చూపు ఎక్కడ పడింది? ఇది ఏ పూట? ఆ కొండ ఎంత దూరం?" అనడగండి. మీరు వేసిన పొద్దుటి వేళ వాళ్లకి మిట్టమధ్యాహ్నంలా కనిపిస్తే, వెలుగు సరిచూసుకోవాలి.

ఎక్కువమంది తడబడేది దూరం దగ్గరే. గాలిలోని అణువులు నీలి కాంతిని ఎక్కువగా చెదరగొడతాయి. కంటికీ కొండకీ మధ్య గాలి పెరిగేకొద్దీ కొండ నీలంగా, మసగ్గా మారుతుంది. గోదావరిలో లాంచీ ఎక్కి పాపికొండలకు వెళ్లినవాళ్లు చూసే ఉంటారు, వెనక వరస కొండలు పలచబడిపోవడం. కంప్యూటర్ దృశ్యంలో మనం చేర్చకపోతే ఆ గాలే ఉండదు. పది మైళ్ల అవతలి కొండ పెరట్లో పుట్టలా కనిపిస్తుంది.

ఒకే చెట్టును తిప్పకుండా, పెంచకుండా, తగ్గించకుండా వందసార్లు నాటేయడం ఇంకో పొరపాటు. దీన్ని చిన్నపిల్లలు ఇట్టే పట్టేస్తారు. వాళ్లకి మొహమాటం ఉండదు మరి!

చూసేవాళ్లెవరూ దొరకలేదా? బొమ్మను అద్దంలోలా కుడిఎడమలు తారుమారు చేసి పెట్టుకుని, తెల్లారి లేచాక కొత్త కంటితో చూడండి.