రెండు దారులూ ఒకే వంతెన మీద

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు మన కార్యదర్శి ఒక షరతు పెట్టాడు. "అన్నా, నీ నౌకరి గురించే చెప్పు. కని మాకందరికీ సమజయ్యేటట్టు చెప్పాలె" అన్నాడు. 37 ఏళ్లు టెలిఫోన్ల పని చేశాను. మొదట ప్రభుత్వ శాఖలో, తర్వాత ఒక ప్రైవేటు సంస్థలో. ఫోన్ మోగినన్నాళ్లు మా లాంటి వాళ్లు ఉన్నామని ఎవరికీ గుర్తుండదు. అది మూగబోయిన రోజు మమ్మల్ని తిట్టని వాళ్లుండరు. అలాంటి ఒక రాత్రి గురించే ఈ రోజు చెప్పబోతున్నాను.

అంతకంటే ముందు 1979లో మన సైన్స్ గదిలో జరిగిన ఒక చిన్న ప్రయోగం చెప్పాలి. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఫిజిక్స్ సార్ ఒక చెక్క పలక మీద రెండు బల్బులను సమాంతరంగా కలిపి తెచ్చారు. ఒక బల్బు ఊడదీస్తే రెండోది వెలుగుతూనే ఉంది. మేం చప్పట్లు కొట్టాం. సార్ నవ్వి, రెండు దారులూ కలిసి బ్యాటరీలోకి వెళ్లే చోట తీగ ఊడదీశారు. రెండూ ఆరిపోయాయి. "దారులు ఎన్ని ఉన్నయో లెక్క పెట్టుడు కాదురా, అవి యాడ కలుస్తున్నయో చూడుండ్రి" అన్నారు. పరీక్షలో దానికి రెండు మార్కులు. దాని అసలు విలువ నాకు 43 ఏళ్ల తర్వాత తెలిసింది.

నేను ఉద్యోగంలో చేరిన 1985లో దూరపు ఊరికి ఫోన్ అంటే చాలా చోట్ల ట్రంకు కాల్ బుక్ చేసుకుని గంటల తరబడి కూర్చోవడమే. ఆర్డినరీ, అర్జెంట్, లైటనింగ్ అని తరగతులు. బోర్డు ముందు కూర్చున్న ఆపరేటరు చేత్తో తీగ పెట్టి లైను కలిపేవారు. దేశంలో మొదటి ఎస్టీడీ లైను 1960లోనే లక్నో, కాన్పూర్ల మధ్య వచ్చింది కాని, మన పల్లెలకు ఆ సుఖం రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 1984లో సీ-డాట్ సంస్థ పుట్టింది. అది తయారుచేసిన 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజీని 1986లో కర్ణాటకలోని కిట్టూరులో మొదటిసారి పెట్టారు. దుమ్ములో, ఎండలో, ఏసీ లేకుండా నడిచేటట్టు దాన్ని తయారుచేశారు. రామగుండం ఎండలు తెలిసిన మనకు అది ఎంత పెద్ద సంగతో చెప్పక్కర్లేదు.

అక్కడి నుంచి మా పని ఒక్కొక్కటే యంత్రం చేతిలోకి పోయింది. అది మంచికే పోయిందని మొదటే చెబుతున్నాను. ఒకప్పుడు కేబుల్ తెగితే లైన్‌మన్ సైకిల్ మీద ఊరూరా వెతికేవాడు. ఇప్పుడు పరికరం ఫైబర్లోకి వెలుతురు పంపి, అది తిరిగొచ్చే తీరును బట్టి ఎన్ని కిలోమీటర్ల దగ్గర తెగిందో చెబుతుంది. ఒక్క ఫైబర్ తెగితే మా తెర మీదికి వందల హెచ్చరికలు వస్తాయి. వాటన్నిటినీ జల్లెడ పట్టి 'అసలు జబ్బు ఇది ఒక్కటే' అని సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది. ఫైబర్‌ను ఊళ్ల మధ్య వలయంలా వేస్తాం. ఒక వైపు తెగితే మాటలు రెండో వైపు నుంచి తిరిగి వెళతాయి. పాత ప్రమాణాల్లోనే ఆ మార్పు సెకనులో 20వ వంతులో జరగాలని రాసి ఉంది. మీరు కనురెప్ప కొట్టే లోపల అయిపోతుంది. ఏ మనిషీ అంత వేగంగా చెయ్యలేడు.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను.

2016లో మంథని వైపు ఒక వలయం కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయి. అక్కడి లైన్‌మన్ ఒకాయన ఫోన్ చేశాడు. "సారూ, వలయం అని గీసిన్రు గని, రెండు కేబుల్లూ ఒక్క వాగు వంతెన మీదికెళ్లే పోతున్నయి. వాగొస్తె ఏది మిగుల్తది?" అని అడిగాడు. రెండో దారికి వేరే రోడ్డు వెంట తవ్వాలి. అనుమతులు కావాలి, ఖర్చు ఎక్కువ. "వచ్చే ఏడు చూద్దాం" అని సంతకం పెట్టాను. ఆ వచ్చే ఏడు రాలేదు. కంప్యూటరులో మాత్రం ఆ వలయం ఎదురుగా 'రక్షణ ఉంది' అని ఆకుపచ్చ గుర్తు పడింది. ఆరేళ్లు రోజూ ఆ గుర్తు చూశాను. చూసీ చూసీ నేనూ నమ్మాను.

2022 జులై మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 13వ తేదీన కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. 18 గేట్లలో 17 మాత్రమే తెరుచుకున్నాయి. కింద ఉన్న ఊళ్లను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. ఆ నీళ్లన్నీ గోదావరిలో కలిసి ఎల్లంపల్లి మీదుగా మన వైపే వచ్చాయి. మంథనిలో ఇళ్లు మునిగాయి. ఆ వారం రాత్రి డ్యూటీలో నేను హైదరాబాద్‌లోని కంట్రోల్ రూములో ఉన్నాను. ఒక రాత్రి ఒంటిగంట దాటాక వాగు పొంగి ఆ వంతెన పక్క కట్ట కొట్టుకుపోయింది. రెండు కేబుల్లూ దాంతోపాటే పోయాయి. తెర మీద పదుల కొద్దీ చుక్కలు ఒక్కసారి ఎర్రబడ్డాయి. అందులో ఒక చుక్క మా అక్క ఊరు.

మా అక్క కూడా ఈ బడి విద్యార్థినే. మా బావకు ఉబ్బసం. ఆ రాత్రి బావకు ఊపిరాడలేదు. అక్క 108కు చేస్తోంది, కలవడం లేదు. నాకు చేస్తోంది, కలవడం లేదు. నాకు ఈ సంగతి అప్పుడు తెలియదు. ఎర్ర చుక్క చూస్తూ, అక్కడ ఏం జరుగుతోందో ఊహించుకోకుండా ఉండటానికి పని చేస్తున్నాను.

మా సాఫ్ట్‌వేర్ తన పని తాను చేసింది. తెగిన చోటుకు దగ్గర్లో ఉన్న మనిషిని వెతికి పని అప్పగించింది. మ్యాపులో ఆయన ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. మధ్యలో పొంగే వాగు ఉందని మ్యాపుకు తెలియదు. ఆ పని కబురు ఆయన ఫోనుకు వెళ్లాలి. ఆ ఫోను కూడా అదే కేబుల్ మీద బతికేది. అంటే ఫోన్లు పనిచేయడం లేదని ఫోన్ చేసి చెప్పాలన్న మాట.

అప్పుడు ఒక పాత సంగతి తట్టింది. ఫైబర్ రాకముందు ఆ వైపు టవర్ల మధ్య మైక్రోవేవ్ లింకు ఉండేది. కరెంటు తీసేశాం గాని, డిష్‌లు దించాల్సిన జాబితాలో రెండేళ్లుగా పడి ఉన్నాయి. గోదావరిఖని వైపు టవరు బాగానే ఉంది. అక్కడి కుర్రవాడిని లేపి ఆ చివర ఆన్ చేయించాను. రెండో చివర వాగు అవతల ఉంది. అక్కడికి చెప్పే దారి లేదు. ఆ లైన్‌మన్‌కు కూడా ఇదే ఆలోచన రావాలని కోరుకోవడం తప్ప చేయగలిగింది లేదు.

నాలుగున్నరకు ఒక చుక్క ఆకుపచ్చగా మారింది. తర్వాత ఇంకొకటి. ఆయన తన ఫోన్ మూగబోవడమే కబురు అనుకుని, వానలో టవరు దగ్గరికి వెళ్లి, పాత పెట్టెకు బ్యాటరీ తీగలు కలిపాడు. ఏ పెట్టె, ఏ తీగ అన్నది సొంత నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నాడు. కంపెనీ రికార్డుల్లో అది లేదు. ఆ సన్న లింకు మీద వీడియోలు వెళ్లవు గాని, మాటలు వెళ్లాయి. 2016లో నాకు ఫోన్ చేసింది కూడా ఆయనే. పేరు చెప్పవద్దన్నాడు.

మా బావను అప్పటికే పక్కింటివాళ్లు ట్రాక్టరు మీద గట్టుదారిన ఆసుపత్రికి తీసుకెళ్లారు. బతికాడు. పొద్దున అక్క ఫోన్ కలిసింది. "అంత పెద్ద కంపెనీల ఉన్నవు తమ్మీ, ఒక్క ఫోను కలుపలేకపోతివి" అంది. నా దగ్గర జవాబు లేదు. సంతకం సంగతి ఆ రోజు చెప్పలేదు. ఆ తర్వాత చెప్పాను. ఈ సభలో మీ ముందు కూడా చెబుతున్నాను.

ఇది మన మారుమూల కథ అనుకోకండి. సరిగ్గా ఆ వారం ముందు, 2022 జులై 8న, కెనడాలో రోజర్స్ అనే పెద్ద కంపెనీ నెట్‌వర్క్ మొత్తం పడిపోయింది. కోటీ ఇరవై లక్షల మందికి పైగా వాడకందార్లు. మొబైలూ ఇంటర్నెట్టూ రెండూ పోయాయి. దేశమంతా డెబిట్ కార్డు చెల్లింపులు కూడా ఆగాయి. కారణం, ఏడు దశల మార్పులో ఆరో దశలో ఒక రౌటరు వడపోతను తీసెయ్యడం. వరదలా వచ్చిపడిన సమాచారానికి అసలు రౌటర్లు కుప్పకూలాయి. మొదట ఆ పనికి ప్రమాదం 'ఎక్కువ' అని గుర్తు పెట్టారు. ముందు దశలు సాఫీగా సాగాయి కాబట్టి లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ దాన్ని 'తక్కువ'కు దించేసింది. నా ఆకుపచ్చ గుర్తుకు అది అన్నయ్య. బాగుచేయాల్సిన ఇంజనీర్లు లోపలికి వెళ్లే దారి కూడా పడిపోయిన నెట్‌వర్క్ మీదే ఉంది. వాళ్ల చేతుల్లో ఉన్నవీ ఆ కంపెనీ ఫోన్లే.

దానికి తొమ్మిది నెలల ముందు, 2021 అక్టోబర్ 4న, ఫేస్‌బుక్, వాట్సాప్ ఆరేడు గంటలు ఆగిపోయాయి. మరమ్మతు పనిలో ఇచ్చిన ఒక ఆదేశం వాళ్ల డేటా సెంటర్ల మధ్య లైన్లన్నీ తెంపింది. అలాంటి ఆదేశాలను ఆపడానికే పెట్టిన పరికరంలో లోపం ఉండి, అది ఆపలేదు. అక్కడ కూడా ఇంజనీర్లు దూరం నుంచి లోపలికి వెళ్లలేకపోయారు. మనుషుల్ని స్వయంగా డేటా సెంటర్లకు పంపాల్సి వచ్చింది.

మూడు చోట్లా జబ్బు ఒకటే. రెండు దారులూ ఒకే వంతెన మీద ఉన్నాయి. ఒక్కోసారి ఆ వంతెన రాయీ సిమెంటూ. ఒక్కోసారి ఒక సాఫ్ట్‌వేర్.

మన రాష్ట్రంలో టీ-ఫైబర్ కోసం మిషన్ భగీరథ పైపుల కందకాల్లోనే ఫైబర్ గొట్టాలు వేశారు. తవ్వకం ఖర్చు మిగిలింది, తెలివైన పని. అక్కడ పనిచేసే మన తమ్ముళ్లు అడగాల్సిన ప్రశ్న ఒకటే. రెండో దారి కూడా అదే కందకంలో ఉందా?

ఈ హాల్లో సాఫ్ట్‌వేర్ పిల్లలు చాలామంది ఉన్నారు. యంత్రం మనిషి పని తీసుకోవడం గురించి మీతో తగువు లేదు. నేను అడిగేవి మూడే. మీ యంత్రం ఆగినప్పుడు దాన్ని బాగుచేసే దారి ఆ యంత్రం గుండానే వెళుతుందా? ఆకుపచ్చ గుర్తు చూపిస్తున్నది నిజాన్నా, ఎప్పుడో ఎవరో పెట్టిన సంతకాన్నా? చేత్తో ఆ పని చేయగల మనిషి ఇంకా ఉన్నాడా, ఏడాదికి ఒక్కసారైనా అతని చేత చేయిస్తున్నారా? వరద వచ్చిన రాత్రి నేర్పడం కుదరదు.

ఆ తర్వాత ఆ వలయానికి వేరే రోడ్డు వెంట రెండో కేబుల్ పడింది. ఉద్యోగంలో నేను పెట్టిన చివరి పెద్ద సంతకం అదే.

ముగిస్తాను. ఈ సంచిక వెనక పేజీల్లో బ్యాచ్‌ల వారీగా మన ఫోన్ నంబర్లు అచ్చువేస్తున్నారట. "ఈ రోజుల్ల కాగితం మీద ఎందుకన్నా" అని ఒక తమ్ముడు అడిగాడు. ఫోన్ పోయిన రోజు మీ అక్క నంబరు మీకు నోటికి వస్తుందేమో ఒకసారి చూసుకోండి. కాగితం ఎందుకో తెలుస్తుంది.

మా 1980 బ్యాచ్ తరఫున సైన్స్ గదికి ప్రయోగ పరికరాలు ఇస్తున్నాం. అందులో రెండు బల్బుల చెక్క పలక కూడా ఉంది. సార్లకు, మేడాలకు మా మనవి ఒక్కటే. మొదటి బల్బు ఊడదీసి చూపించి పాఠం ఆపకండి. రెండు దారులూ కలిసే చోట తీగ కూడా ఊడదీసి చూపించండి.

మా ఫిజిక్స్ సార్‌కు, నోటుపుస్తకం రాసుకున్న ఆ లైన్‌మన్‌కు నమస్కరిస్తూ, సెలవు.