చెమటలోని ఉప్పు – కణములోని కావలి

వేసవిలో బిలాసపురమున పట్టాల ప్రక్కన పనిచేసి రాజ్‌కిశోర్ నగర్‌లోని ఇంటికి మరలిన వాని చొక్కా వీపున తెల్లని చారలు కట్టియుండును. ఉతుకువారికి అది మురికి. నిజమునకు అది దేహము కోల్పోయిన ఉప్పు.

ఉప్పు నీట కరగగానే ధనావేశము గల సోడియముగను, ఋణావేశము గల క్లోరైడుగను విడిపోవును. ఇట్టి రేణువులకే అయానులని పేరు. నాడీకణమునకు వెలుపల సోడియము లోపలికంటె సుమారు పదిరెట్లధికము. పొటాషియము ఇందుకు విపర్యయముగా లోపలనే ముప్పదిరెట్లు హెచ్చు. హెచ్చైనచోటి నుండి తక్కువైనచోటికి జారుట అయానుల స్వభావము. కాని కణమును కప్పిన కొవ్వుపొర వానినడ్డగించును. దారి యిచ్చునవి ఆ పొరయందలి మాంసకృత్తుల ద్వారములే.

పొటాషియము పోవు ద్వారమున ఇరుకైన భాగము నిడివి నానోమీటరుకు కొంచెమే యెక్కువ. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. ఇందొక వింత కలదు. సోడియము పొటాషియముకంటె చిన్నది. అయినను ఈ సందున దూరజాలదు! వేయి పొటాషియములు పోవుచోట ఒక్క సోడియము పోవుట అరుదు. పెద్దవాడు దూరిన సందున చిన్నవాడు దూరకుండుట యేమి న్యాయము?

నీటిలోనున్న అయానును నీటి అణువులు చుట్టుకొని యుండును. ఆ పైవస్త్రము విప్పినగాని లోపలికి ప్రవేశము లేదు. విప్పిన పొటాషియమునకు ద్వారపు గోడలలోని ఆక్సిజన్ పరమాణువులు నీటికి బదులుగా సరిగా అమరును. చిన్నదైన సోడియమునకు అవి అందవు. కావున అది తన నీటిని విడువదు. టిక్కెట్టు లేక దూరుట ఇచట సాగదన్నమాట! 1998లో రోడరిక్ మెకిన్నన్ బృందము ఈ నిర్మాణమును ఎక్స్-కిరణములతో చూపెను. 2003లో ఆయనకు నోబెల్ బహుమతి లభించెను. ఇంత కట్టడిలోను సెకనుకు కోటికి పైగా అయానులు సాగిపోగలవు.

ఇట్లు జారుచుండిన ఉప్పు తేడా తరిగిపోదా? తరుగును. అందులకే తోడిపోయు యంత్రమొకటి పొరలో నున్నది. దానిని 1957లో డెన్మార్కు దేశీయుడు యెన్స్ స్కౌ గుర్తించెను. ఒక్కొక్క విడతకు మూడు సోడియములు వెలికి, రెండు పొటాషియములు లోనికి. ఖర్చు ఒక ఏటీపీ అణువు. ఆ ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమాన్, అమెరికాలో సైరస్ ఫిస్కేతో కూడి భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు వేరువేరుగా కనుగొనిరి. సుబ్బారావుకు నోబెల్ దక్కలేదు. మన పిల్లలకైనను ఆ పేరు చెప్పవలదా?

ఈ యంత్రము ప్రేగుల కణములలోను పనిచేయుచు అందలి సోడియమును తక్కువగా నుంచును. అందుచేత ప్రేగులోని సోడియము లోనికి జారును; జారునపుడు గ్లూకోజును తోడు తీసికొనిపోవును; వాని వెంట నీరును పోవును. విరేచనములతో శోషించిన బిడ్డకు ఉప్పునీటిలో చక్కెర కలిపి పట్టుట తీపి కొరకు కాదు.