మరణాల రిజిస్టరు – మన బాధ్యత



శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పంచాయతీ గుమాస్తాగా మరణాల రిజిస్టరు రాసినవాణ్ణి నేను. కొబ్బరి, జీడి తోటల్లో కూలికి వెళ్లే మనిషి కాళ్లూ ముఖమూ వాచి, మంచాన పడి, ఇంట్లోనే పోయేవాడు. కొడుకు వచ్చి చెబితే కారణం గడిలో ‘గుండె ఆగి’ అని రాసేవాణ్ణి. వృత్తి గడిలో గీత పెట్టేవాణ్ణి. గుండె అందరికీ ఆగుతుంది. దాన్ని ఆపింది కిడ్నీ జబ్బు. ఆ జబ్బుతో ఎందరు కూలీలు పోయారని అడిగితే నా రిజిస్టరు జవాబు చెప్పదు. ఆ తప్పు నాది.

ఉద్దానం జబ్బుకు మూలకారణం ఇంకా తేలలేదు. 2023లో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. పరిశోధకులకు సరైన లెక్కలు కావాలి.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం, దాని 2023 సవరణ ప్రకారం ఆసుపత్రిలో పోతే ఆసుపత్రివారు, ఇంట్లో పోతే వైద్యం చేసిన డాక్టరు మరణ కారణం సర్టిఫికెట్టు ఉచితంగా ఇవ్వాలి. మనం పరామర్శకు వెళ్లినప్పుడు డయాలసిస్ కాగితాలు, క్రియాటినిన్ రిపోర్టులు జాగ్రత్త చేయమందాం. వాటితో డాక్టరును అడిగించి, 21 రోజుల్లోగా నమోదు చేయిద్దాం. వృత్తి గడిలో ‘వ్యవసాయ కూలీ’ అని రాయిద్దాం.

సర్వీసులో నేను చేయని పని ఇప్పుడైనా అందరం కలిసి చేద్దాం. సెలవు.